పొదుపు, అప్పు, మదుపు: కొత్తగా మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు ఇళ్లలో డబ్బు లెక్కలు రానివారు తక్కువ. చీటీ ఏ నెలలో ఎంతకు పాడుకోవాలో, ప్రామిసరీ నోటు వెనక చెల్లు ఎప్పుడు వేయించుకోవాలో, కుదువ పెట్టిన నగ మీద వడ్డీ ఎంత పేరుకుందో నోటిలెక్కన చెప్పగలిగిన మనిషి కూడా, బ్యాంకు ఇచ్చిన ఫారం ముందు కూర్చుంటే తడబడతారు. దానికి కారణం లెక్క రాకపోవడం కాదు, ఒకే విషయాన్ని ఒక్కొక్కరు ఒక్కో కొలతతో చెబుతుండడం. అందువల్ల కింది జవాబులన్నింటిలో మూడు ప్రశ్నలు పదేపదే ఎదురవుతాయి: ఏడాదికి ఎంత శాతం, ఎప్పుడు చేతికి వస్తుంది, రాకపోతే ఎవరిని అడగాలి.

"నూటికి రెండు రూపాయల వడ్డీ" అన్నా "7 శాతం వడ్డీ" అన్నా ఒకే రకం లెక్కేనా?

కాదు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే 7 శాతం మొత్తం ఏడాదికి వర్తించేది. దాన్ని ఊరి లెక్కలోకి మారిస్తే నూటికి నెలకు 58 పైసలు అవుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు బ్యాంకు పిసినారితనం చేస్తోందని అనిపించడం సహజమే కానీ, ఆ తేడా నిజానికి భయానికి కట్టిన ధర. చేబదులు తీసుకున్నవారు ఐపీ పెడితే మీ చేతిలో మిగిలేది రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉన్న ఒక కాగితం మాత్రమే. ఆ కాగితం మీద మూడేళ్లలోపు దావా వేయాలి, లేదా గడువు తీరకముందే కొంత మొత్తం జమ చేయించుకుని దాని వెనక బాకీదారు సంతకంతో చెల్లు వేయించుకోవాలి. అలా వేయించుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వస్తాయి.

ఈ మార్పిడి తెలిసినవారికి క్రెడిట్ కార్డు గుట్టు కూడా తెలిసిపోతుంది. కార్డు బిల్లులో "కనీస మొత్తం" మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే, నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడడం మామూలే. అది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. ఊళ్లో ఆ రేటుకు అప్పు తెచ్చారని తెలిస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు.

బారువడ్డీకి, చక్రవడ్డీకి మధ్య తేడా అంత పెద్దదా?

మొదటి ఏడాది తేడా కనిపించదు. కాలం గడిచేకొద్దీ కనిపిస్తుంది. లక్ష రూపాయలను 24 శాతం బారువడ్డీకి ఇస్తే మూడేళ్లకు 72 వేల వడ్డీ వస్తుంది. అదే సొమ్ముకు ఏడాదికోసారి వడ్డీని అసలుకు కలుపుతూ పోతే మూడేళ్ల వడ్డీ 90,662 రూపాయలవుతుంది. నెలనెలా కలిపితే అసలు, వడ్డీ కలిసి 2 లక్షలు దాటుతాయి. అప్పు తీసుకున్నవారికి చక్రవడ్డీ శత్రువు, దాచుకున్నవారికి మిత్రుడు.

బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీని సాధారణంగా మూడు నెలలకోసారి అసలుకు కలుపుతాయి. 7 శాతం చొప్పున ఐదేళ్లకు వేసిన లక్ష రూపాయలు గడువు తీరేసరికి 1,41,478 అవుతాయి. బారువడ్డీ అయితే 1,35,000 దగ్గర ఆగేవి.

డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో కాగితం, కలం లేకుండా చెప్పగలమా?

72ను ఏడాది వడ్డీ రేటుతో భాగించండి. 8 శాతం అయితే తొమ్మిదేళ్లు, 6 శాతం అయితే పన్నెండేళ్లు. ఇది ఉజ్జాయింపు సూత్రమే, కానీ తిప్పి వాడితే గొప్పగా పనికొస్తుంది. ఎవరైనా వచ్చి మూడేళ్లలో రెట్టింపు చేస్తామంటే, 72ను మూడుతో భాగించండి, 24 వస్తుంది. ఏడాదికి 24 శాతం ఇస్తామని వాళ్లు నోటితో చెప్పలేదు, అంతే. అంత ఖరీదు పెట్టి మీ దగ్గర అప్పు చేయవలసిన అవసరం వాళ్లకు ఎందుకు కలిగింది, అంతకన్నా తక్కువ వడ్డీకి ఇచ్చే బ్యాంకు వాళ్లకు ఎందుకు ఇవ్వలేదు అన్నది తర్వాతి ప్రశ్న.

ద్రవ్యోల్బణం అంటే ధరలు పెరగడమేనా?

ధరలు పెరగడమే, కానీ మదుపరి వైపు నుంచి చూస్తే అది దాచిన రూపాయి కరిగిపోవడం. ధరలు ఏటా 6 శాతం పెరుగుతుంటే, ఇంట్లో బీరువాలో దాచిన లక్ష రూపాయల కట్ట పన్నెండేళ్ల తర్వాత కూడా లక్షగానే ఉంటుంది, కానీ దానితో వచ్చే సరుకులు సగమవుతాయి. రిజర్వు బ్యాంకు 2016 నుంచి ద్రవ్యోల్బణానికి 4 శాతాన్ని లక్ష్యంగా, అటూ ఇటూ 2 శాతం వరకు సడలింపుతో పాటిస్తోంది. కాబట్టి 7 శాతం వడ్డీలో నిజమైన లాభం ఎంత అంటే, అందులోంచి ధరల పెరుగుదలను, ఆపైన మీరు కట్టే పన్నును తీసివేయగా మిగిలేది. కొన్ని సంవత్సరాల్లో ఏమీ మిగలదు కూడా.

అప్పు ఇచ్చేవారు "12 శాతం ఫ్లాట్" అంటున్నారు. అది 12 శాతమే కదా?

కాదు, దాదాపు 21 శాతం. లెక్క ఇలా ఉంటుంది. లక్ష రూపాయలు ఏడాదికి తీసుకున్నారు. 12 శాతం చొప్పున 12 వేలు వడ్డీ కలిపి 1,12,000ను పన్నెండు భాగాలు చేసి నెలకు 9,333 కట్టమన్నారు. అయితే మొదటి నెల తర్వాత మీ దగ్గర లక్ష లేదు, వాయిదాలో కొంత అసలు తిరిగి వెళ్లిపోయింది. ఆరో నెల దాటేసరికి సగం అప్పు తీరిపోయింది. అయినా వడ్డీ మాత్రం చివరి నెల వరకు మొత్తం లక్ష మీదే వేశారు. తగ్గుతూ వచ్చే నిల్వ మీద లెక్కిస్తే ఈ అప్పు అసలు రేటు ఏడాదికి 21.5 శాతం దగ్గర తేలుతుంది. బండి కొనేటప్పుడు, ఇంటి సామాను వాయిదాల మీద తెచ్చుకునేటప్పుడు అడగవలసిన మాట ఒక్కటే: "తగ్గే నిల్వ మీద ఏడాదికి ఎంత శాతం?" దీనితోపాటు ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ముందుగా తీర్చేస్తే ఏమైనా కట్టాలో కూడా అడిగి రాయించుకోవాలి.

బ్యాంకు మూతపడితే డిపాజిట్ సొమ్ము ఏమవుతుంది?

రిజర్వు బ్యాంకుకు చెందిన డిపాజిట్ బీమా సంస్థ, ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు హామీ ఇస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందు ఈ హామీ లక్ష రూపాయలే. ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచీల్లో విడివిడిగా వేసినా అన్నీ కలిపే లెక్కిస్తారు. వేర్వేరు బ్యాంకుల్లో వేస్తే విడివిడిగా లెక్కిస్తారు. సహకార బ్యాంకులకూ ఈ బీమా ఉంటుంది. అయితే "పరపతి సంఘం", "మ్యూచువల్ ఎయిడెడ్ సొసైటీ" వంటి పేర్లతో, బ్యాంకు కౌంటరులాంటి కౌంటరు, పాస్‌బుక్కులాంటి పాస్‌బుక్కు పెట్టుకుని డిపాజిట్లు తీసుకునే సంఘాలకు అది వర్తించదు. గోడ మీద రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉందో లేదో చూడకుండా, వడ్డీ ఒక శాతం ఎక్కువన్న కారణంతో పింఛను సొమ్మంతా అలాంటి చోట పెట్టడం నా దృష్టిలో చేయకూడని పని.

పన్ను సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే, వృద్ధులకైతే లక్ష దాటితే, బ్యాంకు 10 శాతం టీడీఎస్ (మీ తరఫున ముందుగానే పట్టుకునే పన్ను) మినహాయిస్తుంది. ఆ మినహాయింపుతో మీ పన్ను తీరిపోయినట్లు కాదు, మినహాయించలేదు కాబట్టి పన్ను లేనట్లూ కాదు. వడ్డీ మీ మొత్తం ఆదాయంలో కలిసి, మీ ఆదాయానికి వర్తించే పన్ను శ్లాబు ప్రకారం లెక్కకు వస్తుంది.

లిక్విడిటీ, లాకిన్ అనే మాటలకు అర్థం ఏమిటి?

కోరినప్పుడు నష్టం లేకుండా సొమ్ము చేతికి రాగలగడం లిక్విడిటీ. గడువు దాకా తీయకూడదన్న కట్టడి లాకిన్. పన్ను ఆదా కోసం వేసే ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఐదేళ్లు, పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు పథకానికి పదిహేనేళ్లు, పన్ను ఆదా మ్యూచువల్ ఫండ్లకు మూడేళ్లు లాకిన్ ఉంటుంది. పీపీఎఫ్‌లో మధ్యలో కొంత తీసుకునే వీలు షరతులతో ఉంటుంది. ఊరి చివర కొన్న ప్లాటుకు కాగితం మీద లాకిన్ లేదు, కానీ ఆసుపత్రి ఖర్చు వచ్చిన వారంలో దాన్ని సరైన ధరకు అమ్మడం ఎవరికీ సాధ్యపడదు. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా మొత్తాన్ని పొదుపు ఖాతాలోనో, ఎప్పుడైనా రద్దు చేసుకోగల డిపాజిట్‌లోనో విడిగా ఉంచి, ఆ తర్వాతే మిగతా మదుపు గురించి ఆలోచించాలి.

చీటీ పొదుపా, అప్పా?

రెండూ. ఎప్పుడు పాడుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5 వేలు, అంటే లక్ష రూపాయల చీటీ అనుకుందాం. ఐదో నెలలో ఒకరు 25 వేలు తగ్గించుకుని పాడుకున్నారు. వారి చేతికి 75 వేలు వస్తాయి. తగ్గిన 25 వేలలో నిర్వాహకుడి కమిషన్ 5 శాతం చొప్పున 5 వేలు పోగా, మిగిలిన 20 వేలు ఇరవై మందికి తలా వెయ్యి చొప్పున పంచుతారు. అందరూ ఆ మేరకు వాయిదా తగ్గించి 4 వేలే కడతారు. తొందరగా పాడుకున్నవారు 75 వేలు తీసుకుని మిగతా నెలలన్నీ కడుతూ పోతారు కాబట్టి వారికి అది అప్పు. చివరిదాకా ఆగినవారికి పొదుపు. ఎవరికి ఎంత శాతం పడిందో తెలుసుకోవాలంటే ప్రతి నెల కట్టినదీ, చేతికి వచ్చినదీ తేదీలతో రాసుకోవాలి. ఆ పని చేసేవారు తక్కువ. చేసినవారు మాత్రం, తొలి నెలల్లో పాడుకోవడం ఎంత ఖరీదైనదో చూసి ఆశ్చర్యపోతారు.

1982 నాటి చిట్ ఫండ్ల చట్టం ప్రకారం చిట్టీని రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయాలి. 2019 సవరణతో నిర్వాహకుడి గరిష్ఠ కమిషన్ 5 నుంచి 7 శాతానికి పెరిగింది. వీధిలో తెలిసినవారు నడిపే నమోదు కాని చీటీలో కమిషన్ తక్కువే ఉండవచ్చు. కానీ వారు ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే, "ఎవరిని అడగాలి" అనే మూడో ప్రశ్నకు జవాబు ఉండదు.

షేరు కొంటే నిజంగా కంపెనీలో భాగం వస్తుందా?

వస్తుంది, ఎంత చిన్నదైనా. దాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. బజారులో ఒక కిరాణా కొట్టు ఖర్చులన్నీ పోగా ఏటా 2 లక్షలు మిగుల్చుతోంది. యజమాని దాన్ని 40 లక్షలకు అమ్ముతానంటే, మీరు లాభానికి ఇరవై రెట్లు ధర పెడుతున్నట్లు. షేర్ల భాషలో దీన్నే పీఈ నిష్పత్తి అంటారు. తిప్పి చెబితే, మీరు పెట్టిన 40 లక్షల మీద ఏడాదికి 5 శాతం లాభం. బ్యాంకులో 7 శాతం వస్తుంటే ఇక్కడ 5 శాతానికి ఎందుకు పెట్టాలి? కొట్టు లాభం ఏటా పెరుగుతుందన్న నమ్మకంతో. ఆ నమ్మకం నిజమైతే లాభం, లేకపోతే నష్టం. షేర్ మార్కెట్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

లాభంలోంచి వాటాదారులకు పంచేది డివిడెండ్. బోనస్ షేర్ల గురించి మాత్రం ఒక అపోహ ఉంది. 2,000 రూపాయల షేర్లు పది ఉన్నవారికి ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే ఇరవై షేర్లు అవుతాయి, ధర 1,000 దగ్గరికి సర్దుకుంటుంది. ఒక దోసెను నాలుగు ముక్కలకు బదులు ఎనిమిది ముక్కలు చేసినంత మాత్రాన కడుపు ఎక్కువ నిండదు.

సెన్సెక్స్, నిఫ్టీ, డీమ్యాట్: వీటిని ఎంతవరకు తెలుసుకోవాలి?

సెన్సెక్స్ బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలోని 30 పెద్ద కంపెనీల షేర్ల ధరలతో కట్టిన సూచీ. 1978-79 నాటి విలువను 100గా తీసుకుని లెక్కిస్తారు. నిఫ్టీ నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో 50 కంపెనీలతో కట్టినది. డీమ్యాట్ ఖాతా షేర్లను ఉంచుకునే పాస్‌బుక్కు వంటిది. 1996కు ముందు వీటి స్థానంలో కాగితపు సర్టిఫికెట్లు ఉండేవి, అవి పోస్టులో పోవడం, సంతకం సరిపోలలేదని తిరిగి రావడం అప్పటివారికి బాగా గుర్తు. ఇప్పుడు కొన్న షేర్లు మరుసటి పనిరోజుకే ఖాతాలో పడతాయి.

సూచీ పెరుగుదలను చూసి మురిసేవారు దాని పతనాలను కూడా తెలుసుకోవాలి. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 9 వేల దిగువకు పడింది. మళ్లీ 21 వేలను తాకడానికి 2010 నవంబరు దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో కూతురి పెళ్లి కోసమో, ఇంటి స్లాబు కోసమో అమ్ముకోక తప్పనివారికి ఆ తర్వాతి కోలుకోవడం ఏ రకంగానూ ఉపయోగపడలేదు. అందుకే ఐదారేళ్లలో అవసరమయ్యే సొమ్మును షేర్లలో పెట్టవద్దని చెబుతారు.

మంచి కంపెనీ అని అందరూ అన్నప్పుడు ఒక్క దాంట్లోనే పెడితే తప్పేమిటి?

హైదరాబాదు దీనికి జవాబును చాలా దగ్గరగా చూసింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు కంపెనీ లెక్కల్లో వేల కోట్ల రూపాయలు లేనివి ఉన్నట్లు చూపామని లేఖ రాశారు. ముందు రోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ ఒక్కరోజులో 40 రూపాయల దగ్గరికి పడిపోయింది. అక్కడ పనిచేసే ఉద్యోగులకు జీతమూ ఆ కంపెనీ నుంచే, కొందరికి పొదుపు కూడా ఆ షేర్లలోనే. ఆడిట్ జరిగిన లెక్కలు, పెద్ద పేరున్న డైరెక్టర్లు, పురస్కారాలు అన్నీ ఉన్న కంపెనీ అది. కాబట్టి నష్టభయాన్ని తగ్గించే మార్గం మంచిదాన్ని కనిపెట్టడం కన్నా, ఒకటి మునిగినా ఇల్లు మునగనట్లు పంచి పెట్టడమే. జీతం ఏ కంపెనీ నుంచి వస్తుందో ఆ కంపెనీ షేర్లలో మదుపు తక్కువగా ఉండాలన్నది దీనికి చేర్చుకోదగిన నియమం.

మ్యూచువల్ ఫండ్ అంటే ఏమిటి? ఎన్‌ఏవీ 10 రూపాయలున్న ఫండ్ చవకైనదా?

చాలామంది సొమ్మును ఒకచోట చేర్చి, ఒక నిర్వాహక సంస్థ దాన్ని షేర్లలోనో బాండ్లలోనో (ప్రభుత్వమో కంపెనీయో వడ్డీకి అప్పు తీసుకుని ఇచ్చే పత్రాలు) పెట్టి, లాభనష్టాలను యూనిట్ల చొప్పున పంచే ఏర్పాటు మ్యూచువల్ ఫండ్. మన దేశంలో ఇది 1960ల్లో యూనిట్ ట్రస్టుతో మొదలైంది. ఇప్పుడు షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పర్యవేక్షణలో నడుస్తుంది. ఎన్‌ఏవీ అంటే ఫండు దగ్గరున్న ఆస్తుల విలువను యూనిట్ల సంఖ్యతో భాగించగా వచ్చే ధర.

10 రూపాయల యూనిట్ చవక కాదు. 10 వేల రూపాయలతో 10 రూపాయల యూనిట్లు వెయ్యి వస్తాయి, 500 రూపాయల యూనిట్లు ఇరవై వస్తాయి. ఆస్తుల విలువ 10 శాతం పెరిగితే రెండు చోట్లా మీ సొమ్ము 11 వేలే అవుతుంది. "కొత్త ఫండ్, పది రూపాయలకే" అని చెప్పి అమ్మేవారి మాటలో ఆ పది రూపాయలకు ఏ విలువా లేదు.

చూడవలసింది నిర్వహణ ఖర్చు. 2013 జనవరి నుంచి ప్రతి ఫండుకూ రెండు రూపాలున్నాయి: మధ్యవర్తి కమిషన్ ఉండే రెగ్యులర్, అది లేని డైరెక్ట్. రెండింటి మధ్య ఖర్చులో తేడా ఏడాదికి ఒక శాతమే అనుకుందాం. లక్ష రూపాయలు 12 శాతం చొప్పున ఇరవై ఏళ్లలో 9.65 లక్షలవుతాయి, 11 శాతం చొప్పున 8.06 లక్షలు. ఆ ఒక్క శాతం ఖరీదు లక్షన్నర పైమాటే. సలహా ఇచ్చే మధ్యవర్తి మీ చేయి పట్టుకుని పతనంలో అమ్మకుండా ఆపగలిగితే ఆ ఖర్చు దండగ కాదు. ఫారం నింపి మళ్లీ కనిపించనివారికైతే దండగే.

సిప్ వేస్తే నష్టం రాదంటారు. నిజమేనా?

నిజం కాదు. సిప్ అనేది ఒక మదుపు పథకం పేరు కాదు, నెలనెలా కొంత సొమ్ము ఫండులో వేసే పద్ధతి మాత్రమే. దాని మేలు ఎక్కడుందో ఇలా చూడవచ్చు. నెలకు 2 వేల చొప్పున నాలుగు నెలలు వేశారు. ఎన్‌ఏవీ వరుసగా 50, 40, 25, 40. మీకు వచ్చిన యూనిట్లు 40, 50, 80, 50, మొత్తం 220. పెట్టింది 8 వేలు, కాబట్టి ఒక్కో యూనిట్ సగటున 36.36 రూపాయలకు పడింది. మొదటి నెలే మొత్తం పెట్టినవారు ఇప్పటికీ నష్టంలో ఉన్నారు, మీరు లాభంలో ఉన్నారు. ధర 25కు పడిన నెలలో భయపడి వాయిదా ఆపేసినవారికి మాత్రం ఈ మేలు అందదు, ఎందుకంటే ఎక్కువ యూనిట్లు వచ్చింది ఆ నెలలోనే. ధరలు ఏకబిగిన పెరుగుతూ పోతే ఒకేసారి పెట్టినవారే ఎక్కువ సంపాదిస్తారు. చివర్లో మార్కెట్ పడితే సిప్ సొమ్ము కూడా తరుగుతుంది.

బాండ్ ధర వడ్డీ రేటుకు వ్యతిరేకంగా కదులుతుందంటారు, ఎలా?

7 శాతం ఇచ్చే వెయ్యి రూపాయల పదేళ్ల బాండ్ మీ దగ్గరుంది. ఇప్పుడు కొత్త బాండ్లు 8 శాతం ఇస్తున్నాయి. మీ బాండ్‌ను వెయ్యికి ఎవరు కొంటారు? సుమారు 933 రూపాయలకు తగ్గిస్తేనే కొత్తదానితో సమానమవుతుంది. గడువు దాకా ఉంచుకుంటే వెయ్యీ వస్తుంది, మధ్యలో అమ్మితేనే ఈ తగ్గుదల బాధ. ప్రభుత్వ బాండ్లను సామాన్యులు నేరుగా కొనడానికి రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో రిటైల్ డైరెక్ట్ సదుపాయం తెచ్చింది.

బంగారం నగ మదుపు అవుతుందా?

నగ అలంకారం, అవసరానికి తాకట్టు. మదుపుగా లెక్క కడితే వెనకబడుతుంది. 20 గ్రాముల గొలుసుకు 10 శాతం తరుగు వేస్తే 22 గ్రాముల ధర కడతారు, దాని మీద 3 శాతం జీఎస్టీ. మీరు కట్టింది 22.66 గ్రాముల ధర, అమ్మేటప్పుడు వచ్చేది 20 గ్రాములది. బంగారం ధర 13 శాతం పెరిగితేగానీ పెట్టిన సొమ్ము తిరిగి రాదు. కొనేదేదైనా బీఐఎస్ గుర్తు, 22 క్యారెట్లకు 916 అంకె, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) మూడూ భూతద్దంలో చూపించమని అడగండి. ధర పెరుగుదల మాత్రమే కావాలనుకునేవారికి గోల్డ్ ఈటీఎఫ్‌లు, అంటే షేర్లలా కొని అమ్ముకోగల బంగారం ఫండ్లు, ఉన్నాయి. ఏటా రెండున్నర శాతం వడ్డీ కూడా ఇచ్చిన సార్వభౌమ పసిడి బాండ్ల కొత్త విడతలు 2024 ఫిబ్రవరితో ఆగిపోయాయి.

జీవిత బీమా పాలసీ మంచి పొదుపు అంటారు. అవునా?

నేను మొదటి ఉద్యోగంలో చేరిన ఏడాది, దగ్గరి బంధువు ఒకరు ఇంటికి వచ్చి, "ఏటా 50 వేలు, ఇరవై ఏళ్లు కడితే చాలు, కట్టిన 10 లక్షలకు 18 లక్షలు చేతిలో పెడతారు" అన్నారు. కాఫీ చల్లారేలోపు సంతకం పెట్టాను. చాలా ఏళ్ల తర్వాత కంప్యూటరులో తేదీల వారీగా వేసి చూస్తే, ఆ 18 లక్షల వెనకున్న రాబడి ఏడాదికి 5.3 శాతం దగ్గర తేలింది. మోసమేమీ లేదు, కాగితంలో అన్నీ ఉన్నాయి. ఏడాదికి ఎంత శాతమని నేనే అడగలేదు.

కుటుంబం మీ సంపాదన మీద ఆధారపడి ఉంటే కావలసింది టర్మ్ పాలసీ. అందులో కాలం చేస్తే పెద్ద మొత్తం కుటుంబానికి వస్తుంది, బతికుంటే ఏమీ రాదు. అందుకే ప్రీమియం తక్కువ. "బతికుంటే దండగే కదా" అనేవారు బండికి కట్టిన బీమా గురించి అలా అనరు. పాలసీ పత్రం అందాక నచ్చకపోతే 30 రోజుల్లో తిప్పి పంపే హక్కు ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది.

ఫ్యూచర్స్, ఆప్షన్లతో రోజూ సంపాదించవచ్చని వీడియోల్లో చెబుతున్నారు.

ఇవి షేర్లు, సూచీల ముందుముందు ధరల మీద చేసుకునే ఒప్పందాలు. సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈ విభాగంలో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. కొత్తవారికి ఈ ప్రశ్నకు ఇంతకన్నా పొడవైన జవాబు అవసరం లేదు.

క్రెడిట్ స్కోరు ఎవరు వేస్తారు?

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు, బ్యాంకులు పంపే వివరాలను బట్టి, మీరు అప్పులు ఎంత సక్రమంగా తీరుస్తున్నారో చెప్పే అంకెను 300 నుంచి 900 మధ్య ఇస్తాయి. ప్రతి సంస్థ నుంచి ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా తీసుకోవచ్చు. మీరు ఏ అప్పూ చేయకపోయినా, స్నేహితుడి అప్పుకు ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే అది కూడా మీ నివేదికలో కనిపిస్తుంది. ఆయన వాయిదా ఎగ్గొడితే మచ్చ మీకూ పడుతుంది.

మోసపు పథకాన్ని ముందే ఎలా గుర్తుపట్టాలి?

హామీ రాబడి, తెచ్చిపెట్టిన ప్రతి మనిషికీ కమిషన్, "ఈ నెలాఖరు వరకే" అనే తొందర. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే లేచి వచ్చేయవచ్చు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ లక్షల మంది దగ్గర డిపాజిట్లు సేకరించి చెల్లించలేకపోయింది; ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిటర్లకు ఖజానా నుంచి చెల్లింపులు చేయవలసి వచ్చింది. అక్కడ డబ్బు కట్టినవారిలో చాలామంది ఏజెంట్ ముఖం చూసి కట్టారు, ఆ ఏజెంట్ వాళ్ల ఊరివాడే. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019లో చట్టం నిషేధించింది. వాటి మీద రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో, షేర్లు, ఫండ్ల విషయమైతే సెబీ వారి స్కోర్స్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

నామినీగా పేరు రాస్తే ఆ సొమ్ము ఆ మనిషికి చెందినట్లేనా?

సాధారణంగా కాదు. నామినీ అంటే సంస్థ నుంచి సొమ్మును అందుకునే హక్కున్న మనిషి. ఆ తర్వాత దాన్ని వీలునామా ప్రకారమో, వారసత్వ చట్టం ప్రకారమో హక్కుదారులకు అప్పగించవలసిన బాధ్యత వారిదే. షేర్ల విషయంలోనూ ఇదే నియమమని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. జీవిత బీమాలో మాత్రం తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలుగా ఉంటే సొమ్ము వారికే చెందుతుంది. బ్యాంకు ఖాతాలకు 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు.

పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో తండ్రి పేరు రాసి, ఆయన పోయిన పదేళ్లకు కూడా మార్చనివారు ఎందరో ఉన్నారు. మీ పాస్‌బుక్కు మొదటి పేజీ తెరిచి, నామినేషన్ నమోదైందన్న వరుస అక్కడ ఉందో లేదో చూడండి. లేకపోతే బ్రాంచీలో ఒక పేజీ ఫారం నింపితే సరిపోతుంది, దానికి రుసుము ఉండదు.